షాఫ్ట్ లొంగే చోటు: స్ట్రెయిటెనింగ్ ఆటోమేషన్‌పై ఒక కేస్ స్టడీ

కంపెనీ పేరు, అది ఉన్న వాడ, దాని కస్టమర్ల వివరాలు తీసేశాను. షాఫ్ట్ కొలతల్ని గుండ్రటి అంకెలకు మార్చాను. లెక్కల సారం మాత్రం మారలేదు. చేతిపనిని యంత్రానికి అప్పగించే ప్రాజెక్టుల్లో మా దగ్గరికి తరచూ వచ్చే ఒక చిక్కు ఇందులో బాగా బయటపడింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో బోరుబావి సబ్‌మెర్సిబుల్ పంపులకు షాఫ్ట్‌లు చేసి పంపు కంపెనీలకు ఇచ్చే ఒక మధ్యస్థాయి యూనిట్ అది. షాఫ్ట్ ఎస్ఎస్ 410 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, వ్యాసం 25 మి.మీ., పొడవు 1.2 మీటర్లు. బార్ కోసి, చివరలు చదును చేసి (ఫేసింగ్), ఒకసారి స్ట్రెయిటెనింగ్, అంటే నొక్కి వంపు తీసే పని, చేస్తారు. తర్వాత షాఫ్ట్‌ను రెండు చివరలా బిగించకుండానే సానపట్టే సెంటర్‌లెస్ గ్రైండింగ్, పొడవాటి గాడి (కీవే) కోసే మిల్లింగ్. చివర్లో మళ్లీ స్ట్రెయిటెనింగ్. పొడవునా రన్‌అవుట్, అంటే షాఫ్ట్‌ను ఒక చుట్టు తిప్పినప్పుడు దాని పైభాగం ఊగే మొత్తం దూరం, 0.05 మి.మీ. దాటకూడదన్నది డ్రాయింగ్ షరతు.

బయటివాళ్లకు ఒక సందేహం వస్తుంది: గ్రైండింగ్ చేశాక కూడా వంపు ఎందుకు మిగులుతుంది? సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో షాఫ్ట్ తన ఒంటి మీదే తాను ఆని తిరుగుతుంది. అందువల్ల వ్యాసం సరిగ్గా వస్తుంది కానీ వంపు ఎక్కడికీ పోదు. రెండు పోల్స్ మోటారుతో నిమిషానికి 2,900 చుట్ల దాకా తిరిగే పంపులో ఆ వంపు షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లను తినేస్తుంది. బోరులో దించాక పంపు చెడితే రైతు మళ్లీ పైపులన్నీ పైకి లాగాలి. పంపు కంపెనీలు ఈ ఒక్క కొలత దగ్గర మొండిగా ఉండడానికి కారణం అదే.

స్ట్రెయిటెనింగ్ పని ఇద్దరి చేతుల మీద నడిచేది. అందులో పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఒక ప్రభుత్వ రంగ మెషిన్ టూల్ కంపెనీలో అప్రెంటిస్‌గా మొదలుపెట్టిన మనిషి. పొడవాటి లివర్ ఉన్న హ్యాండ్ ప్రెస్, షాఫ్ట్‌ను ఆనించే రెండు వీ-బ్లాకులు (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మెలు), తిప్పడానికి రోలర్లు, ఊగుడును సూదితో చూపే ఒక డయల్ గేజ్, సుద్దముక్క. ఆయన సామాను ఇంతే. రెండో ఆయన పని బాగానే చేస్తాడు కానీ కష్టమైన షాఫ్ట్ వస్తే ఉస్తాద్ వైపు చూస్తాడు. ఈ పని నేర్చుకోవడానికి పెట్టిన కుర్రాళ్లు ఏడాది తిరక్కుండానే వేరే పనులకు వెళ్లిపోయారు. ఎండాకాలం ముందు ఆర్డర్లు మీద పడే సమయంలో ఉస్తాద్‌కు జ్వరం వచ్చిందంటే డిస్పాచ్ ఆగిపోయేది.

మా దగ్గరికి వచ్చేసరికి ఉన్న పరిస్థితి

యాజమాన్యం అప్పటికే ఒక సెమీ-ఆటోమేటిక్ ప్రెస్ కొని ఉంది. సెన్సర్లు రన్‌అవుట్ కొలుస్తాయి, ఎత్తు చోటు పైకి వచ్చేలా మోటారు షాఫ్ట్‌ను తిప్పుతుంది, యంత్రంలో ఉన్న పట్టిక ప్రకారం ఇంత రన్‌అవుట్‌కు ఇంత స్ట్రోక్ (నొక్కే దూరం) అని ప్రెస్ నొక్కుతుంది. ట్రయల్‌లో చక్కగా పనిచేసింది. లైన్‌లోకి వచ్చాక ఒక లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) బాగా వచ్చేది, తర్వాతి లాట్‌లో సగం షాఫ్ట్‌లు అటువైపు వంగేవి. వాటిని ఇటు నొక్కితే ఇంకా ఇటు వచ్చేసేవి. కొన్నాళ్లకు దాని మీద కవర్ కప్పేశారు.

మమ్మల్ని పిలిచి వాళ్లు అడిగింది సూటిగా ఉంది: ఉస్తాద్ చేసినట్టే చేసే యంత్రం కావాలి, ఆయన చెయ్యి ఎలా కదులుతుందో వీడియో తీసుకోండి, అలాగే ప్రోగ్రామ్ చెయ్యండి.

ఆ మాట దగ్గరే మేం మొదట ఆగాం. వీడియోలో కనిపించేది లివర్ ఎంత దిగిందన్నది మాత్రమే. కప్పేసిన యంత్రం చేసిందీ అదే, స్ట్రోక్‌ను కాపీ చేయడం. అది ఎందుకు పనికిరాలేదో అర్థం చేసుకోకుండా ఇంకా మంచి మోటారు పెడితే, అదే తప్పు ఇంకా వేగంగా జరుగుతుంది.

కాగితం మీద ఒక లెక్క వేసి చూశాం. 25 మి.మీ. షాఫ్ట్‌ను 400 మి.మీ. దూరంలో ఉన్న రెండు బ్లాకుల మీద పెట్టి మధ్యలో నొక్కుతున్నాం అనుకుందాం. లోహం 500 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర లొంగుతుందనుకుంటే, అంటే అది దాటాకే వదిలినా పోని వంపు మొదలవుతుందనుకుంటే, మధ్యలో సుమారు 2.7 మి.మీ. కిందికి దిగేదాకా షాఫ్ట్‌కు ఏమీ కాదు. వదిలితే యథాస్థితికి వచ్చేస్తుంది. ఆపైన దిగిన దాంట్లో కొంత భాగమే శాశ్వతంగా నిలుస్తుంది. ఇక మనకు కావలసిన సవరణ ఎంత? రన్‌అవుట్ 0.20 ఉంటే అసలు వంపు అందులో సగం, 0.10 మి.మీ. లోహం బలం లాట్‌కూ లాట్‌కూ 10 శాతం మారితే (హీట్ ట్రీట్‌మెంట్‌లో ఇది పెద్ద వింతేమీ కాదు) ఆ 2.7 కాస్తా 0.27 మి.మీ. అటో ఇటో జరుగుతుంది. చేయాల్సిన సవరణకు అది రెండింతలకు పైనే. అంటే లాట్ మారగానే పట్టికలో ఉన్న స్ట్రోక్‌కు అర్థమే లేదు. ఒకసారి ఏమీ జరగదు, ఇంకోసారి మోతాదు మించుతుంది.

మరి అదే లివర్‌తో, ఏ పట్టికా లేకుండా ఉస్తాద్‌కు ఎలా కుదురుతోంది? మా ప్రశ్న అక్కడికి వచ్చాకే ప్రాజెక్టు మొదలైందని నా లెక్క.

చేతిని చూడడం

ఆయన్నే అడిగితే వచ్చిన జవాబు ఊహించినదే: "అనుభవం సార్. చేతికి తెలుస్తది." అందులో అబద్ధం ఏమీ లేదు. దాంతో డిజైన్ మాత్రం చేయలేం.

కాబట్టి ఆయన ప్రెస్‌కే సెన్సర్లు పెట్టాం. ఒక వీ-బ్లాకు కింద బలం కొలిచే లోడ్ సెల్, షాఫ్ట్ అడుగున దిగుడు కొలిచే సెన్సర్. ప్రెస్‌లో కిందికి దిగి నొక్కే భాగం, రామ్, మీద పెట్టకుండా షాఫ్ట్‌కే ఆనించడానికి కారణం ఉంది. రామ్ మీద కొలిస్తే ప్రెస్ ఫ్రేమ్ సాగిన దూరం కూడా కొలతలో కలిసిపోతుంది. పైన ఒక కెమెరా. ఆయన పని ఆయన మామూలుగా చేసుకోవాలి, మేం రికార్డ్ చేసుకుంటాం.

ఇక్కడ పీస్ రేటు అడ్డొచ్చింది. పాసైన షాఫ్ట్‌ల లెక్కన ఆయనకు అదనపు డబ్బు వస్తుంది. వైర్ల మధ్య పని చేస్తే లెక్క తగ్గుతుంది, లేదా లెక్క తగ్గకూడదని తేలిక షాఫ్ట్‌లే ముందు తీసుకుంటాడు. రెండూ మాకు నష్టమే. రికార్డింగ్ నడిచినన్నాళ్లూ ఆయన సగటు రోజు సంపాదన స్థిరంగా ఇవ్వాలని యాజమాన్యంతో ముందే మాట్లాడుకున్నాం. ఈ పని వల్ల ఆయన ఉద్యోగం పోదన్న మాట కూడా ఓనర్ నోటితోనే, ఆయన ఎదురుగానే చెప్పించాం. నేను చెబితే దానికి విలువ ఉండదు. వారం తిరిగేసరికి వెళ్లిపోయే మనిషిని నేను.

వీడియోను మర్నాడు ఆయన పక్కన కూర్చుని చూడడం బాగా పనికొచ్చింది. "ఎలా చేశారు" అని అడగడం మానేశాం. ఆపి, "ఉస్తాద్, ఇక్కడ లివర్ ఎందుకు ఆపారు?", "దీన్ని ఎందుకు పక్కన పెట్టారు?" అని మాత్రమే అడిగాం. ఇంకో పద్ధతి అంతకంటే బాగా పనిచేసింది. రెండో ఆయన వీడియో చూపించి తప్పులు పట్టమన్నాం. తన పని గురించి రెండు మాటలు చెప్పని మనిషి, ఎదుటివాడి పని మీద గంటసేపు మాట్లాడాడు.

అలా బయటపడిన వాటిలో నాలుగు విషయాలు డిజైన్‌నే మార్చేశాయి.

మొదటిది, ఆయన కొన్ని షాఫ్ట్‌లను అసలు నొక్కడు. డయల్ 0.08 చూపిస్తోంది, డ్రాయింగ్ ప్రకారం ఫెయిల్. అయినా ఆయన ప్రెస్ దాకా తీసుకెళ్లకుండా గ్రైండింగ్ వైపు తోసేశాడు. అడిగితే, "గది వంగలే సార్. ఒక్క చుట్టుల సూది మూడు మాట్ల ఊగుతుంది సూడుండ్రి. గుండ్రమే తప్పింది. దాన్ని ఒత్తితే ఏమొస్తది?" అన్నాడు. సెంటర్‌లెస్ గ్రైండింగ్ సెట్టింగ్ తప్పితే షాఫ్ట్ మీద మూడు, ఐదు బుడిపెల ఆకారం రావడం ఆ యంత్రానికి బాగా తెలిసిన జబ్బు. వంపు అయితే చుట్టుకు ఒక్కసారే సూది పైకెళ్లి కిందికొస్తుంది. పాత యంత్రం పై రీడింగ్‌లోంచి కింది రీడింగ్ తీసేసి, వచ్చిన అంకెను వంపు అనుకునేది. అంటే నిటారుగా ఉన్న షాఫ్ట్‌లను కూడా అది కొన్నిసార్లు శ్రద్ధగా వంచింది.

రెండోది, లివర్‌ను ఒకసారి తేలిగ్గా నొక్కి వదిలేయడం. గ్రాఫ్‌లో చూస్తే ఆ నొక్కుడు వల్ల షాఫ్ట్‌లో మార్పేమీ లేదు. మొదట అది అలవాటుగా చేసే వృథా కదలిక అనిపించింది. రికార్డులన్నీ వరసగా పెట్టి చూసినప్పుడు ఒక తీరు కనిపించింది: కొత్త బండిల్ విప్పినప్పుడు మొదటి కొన్ని షాఫ్ట్‌ల మీదే అది ఉంది, తర్వాత మాయమవుతోంది. బండిల్ అంటే దాదాపుగా ఒకే లాట్. ఆ లాట్ ఎంత గట్టిదో ఆయన చెయ్యి ముందు తెలుసుకుంటోంది. ఆయన్ని అడిగితే, "దాని బలమెంతో ఎరికైతే గదా ఒత్తేది" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

మూడోది, అవసరమైన దాని కంటే తక్కువ సవరించడం. మొదటి నొక్కుడులో వంపును సగమో, ముప్పాతికో తీస్తాడు, కొలుస్తాడు, మిగిలింది ఇంకో నొక్కుడులో తీస్తాడు. పొరపాటున అటు దాటితే ఆ షాఫ్ట్‌ను వేరే ట్రేలో వేసి, రోజు చివర్లో తీరిగ్గా చేస్తాడు. ఒకసారి ఒకవైపు లొంగిన లోహం వెనక్కి నొక్కితే ముందుకంటే త్వరగా లొంగుతుంది. 19వ శతాబ్దం చివర్లో జర్మన్ ఇంజినీర్ యోహాన్ బాషింగర్ గుర్తించిన గుణం ఇది, ఆయన పేరే దానికి పెట్టారు. పాత యంత్రంలో షాఫ్ట్‌లు ఇటూ అటూ ఊగడానికి కారణం ఇదే: వెనక్కి నొక్కేటప్పుడు కూడా అది అదే పట్టిక వాడేది.

నాలుగోది క్వాలిటీ వాళ్లకు ఎప్పటినుంచో ఆయన మీద ఉన్న ఫిర్యాదు. గ్రైండింగ్‌కు ముందు చేసే మొదటి స్ట్రెయిటెనింగ్‌లో ఆయన 0.05 దాకా తేడు. 0.10 దగ్గర వదిలేస్తాడు. ప్రాసెస్ షీట్ మీద రెండు చోట్లా 0.05 అనే ఉంది. బద్ధకం అన్నారు. ఆయన వాదన వేరు: అక్కడే పదే పదే నొక్కి నిటారుగా చేసినవి కీవే కొట్టగానే మళ్లీ వంగుతాయి. ఇది పూర్తిగా సబబు. చల్లగా ఉన్న లోహాన్ని నొక్కి సరిచేసిన ప్రతిసారీ లోపల కొంత ఒత్తిడి మిగిలిపోతుంది. కీవే కోసం ఒకవైపు లోహం తీసేయగానే ఆ ఒత్తిళ్ల లెక్క తప్పి షాఫ్ట్ కదులుతుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ దాచిపెట్టినట్టు. మేం డిజైన్ మొదలుపెట్టక ముందే ప్రాసెస్ షీట్‌లో మొదటి దశ హద్దును 0.10కి మార్పించాం. యంత్రం లేకుండానే రెండో దశలో పని తగ్గింది. ఆ మార్పు తర్వాత యాజమాన్యం మా మాట కొంచెం శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది కూడా.

లివర్ ఎక్కడ ఆగుతోంది

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మిగిలే ఉంది. ఆ ఒక్క నొక్కుడులో ఆయన ఎక్కడ ఆపాలో ఎలా నిర్ణయిస్తున్నాడు?

బలాన్ని, దిగుడును ఒకే గ్రాఫ్ మీద పెడితే జవాబు కళ్లముందు కనిపించింది. మొదట గీత నిటారుగా వెళ్తుంది: ఎంత బలం పెడితే అంత దిగుడు. ఒక చోట ఆ గీత మెల్లగా పక్కకు వాలుతుంది. అదే లోహం లొంగడం. గుండ్రటి కడ్డీలో అంచు పొరలు ముందు లొంగి, లోపలివి తర్వాత లొంగుతాయి కాబట్టి అక్కడ పదునైన మలుపు ఉండదు, మెత్తటి వంపే ఉంటుంది. ఉస్తాద్ లివర్ వేగం సరిగ్గా ఆ వాలు మొదలయ్యే చోట తగ్గుతోంది. అక్కడి నుంచి ఆయన బలం పెంచడం లేదు, లివర్ దానంతటది ఎంత దిగుతోందో చూస్తూ, కాసేపటికి ఆపుతున్నాడు. గట్టి లాట్ అయినా మెత్తటి లాట్ అయినా, వాలు మొదలైన దగ్గర్నుంచి ఆయన దించే దూరం దాదాపు ఒకే తీరులో ఉంది. మొత్తం స్ట్రోక్ మాత్రం లాట్‌ను బట్టి మారిపోతోంది.

అంటే ఆయన లెక్క సున్నా నుంచి మొదలు కాదు. లోహం లొంగిన చోట మొదలవుతుంది. పాత యంత్రానికీ ఆయనకూ ఉన్న తేడా మొత్తం ఇదే.

దీన్ని యంత్రానికి చెప్పడం కష్టం కాదు. మొదటి నిటారు గీత ఎంత ఏటవాలుగా ఉందో దాన్ని బట్టి షాఫ్ట్ బిగువు, అంటే అది ఒక మి.మీ. దిగడానికి ఎంత బలం అడుగుతుందో, తెలుస్తుంది. ఏ క్షణంలోనైనా మొత్తం దిగుడులోంచి, ఆ క్షణపు బలాన్ని బిగువుతో భాగించగా వచ్చినది తీసేస్తే, వదిలాక శాశ్వతంగా ఎంత నిలుస్తుందో వస్తుంది. ఆ అంకె మనకు కావలసిన సవరణకు చేరగానే ఆపాలి. లోహం బలం ముందే తెలియాల్సిన అవసరం లేదు.

మొదటి డిజైన్ ఎక్కడ తప్పింది

హైడ్రాలిక్ వదిలేసి సర్వో మోటారుతో నడిచే బాల్ స్క్రూ ప్రెస్ ఎంచుకున్నాం. లొంగే దశలో నెమ్మదిగా కదిలి చెప్పిన చోట ఆగడం అందులో తేలిక. కొలతకు ఐదు చోట్ల సెన్సర్లు, తిప్పే మోటారుకు కోణం చెప్పే ఎన్‌కోడర్. ఒక్కో సెన్సర్ రీడింగ్ నుంచి చుట్టుకు ఒక్కసారి వచ్చే అలను మాత్రమే వేరు చేసి దాన్నే వంపు అనుకుంటాం. మూడుసార్లు, ఐదుసార్లు వచ్చే అలలు విడిగా పోతాయి. అవి హద్దు దాటితే షాఫ్ట్‌ను నొక్కకుండా గ్రైండింగ్ వైపు పంపమని స్క్రీన్ చెబుతుంది. కీవే ఉన్న కోణంలో వచ్చే రీడింగ్‌లను లెక్కలోంచి తీసేస్తాం. ఈ భాగం మొదటి రోజు నుంచే బాగా నడిచింది.

నొక్కే భాగం తడబడింది. సమయం కలిసొస్తుందని తేలిక నొక్కుడును వదిలేశాం. బిగువును డ్రాయింగ్ కొలతల నుంచి లెక్కగట్టి ప్రోగ్రామ్‌లో పెట్టాం. స్టీల్ బిగువు హీట్ ట్రీట్‌మెంట్‌తో పెద్దగా మారదన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్న నిజం, కాబట్టి ఆ తర్కంలో లోపం కనిపించలేదు. మా వర్క్‌షాప్‌లో గ్రైండ్ అయిన షాఫ్ట్‌ల మీద సరిగ్గా వచ్చింది కూడా. గ్రైండింగ్‌కు ముందున్న బార్‌ల మీద పెట్టేసరికి ఫలితాలు చెదిరిపోయాయి.

కారణం లెక్కలోనే ఉంది. కడ్డీ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. వ్యాసం ఒక శాతం మారితే బిగువు నాలుగు శాతం మారుతుంది. గ్రైండ్ కాని బార్‌ల వ్యాసం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. పైగా మేం లెక్కగట్టేది రెండు పెద్ద అంకెల మధ్య ఉన్న చిన్న తేడాను. బిగువులో ఒక్క శాతం తప్పు ఉన్నా, 2.7 మి.మీ. మీద అది 0.027 మి.మీ. అవుతుంది. 0.05 రన్‌అవుట్ అంటే 0.025 వంపు. ఒక్క శాతం తప్పుతోనే మొత్తం హద్దు ఖర్చైపోయింది. దీనికి తోడు బార్ మీద పొట్టు, వీ-బ్లాకులో చేరిన ధూళి వల్ల మొదటి కొంత దూరం షాఫ్ట్ సర్దుకోవడంలోనే పోతుంది.

పరిష్కారం ఉస్తాద్ వీడియోలోనే ఉంది. తేలిక నొక్కుడు వెనక్కి తెచ్చాం. కొత్త బండిల్‌కే అని కాకుండా ప్రతి షాఫ్ట్‌కూ పెట్టాం, ఎందుకంటే ఆయన చేతికి ఉన్నంత జ్ఞాపకం యంత్రానికి ఇవ్వడం కంటే ప్రతిసారీ కొలవడం చౌక. లొంగే బలంలో మూడో వంతు దాకా నొక్కి వదిలితే షాఫ్ట్ వీ-బ్లాకులో కుదురుకుంటుంది, బిగువు కూడా అదే షాఫ్ట్ నుంచి, అదే చోట, అదే ధూళితో కలిపి వస్తుంది. అసలు నొక్కుడులో ఆ బిగువునే వాడతాం. దాని పైన కూడా పూర్తి నమ్మకం పెట్టుకోలేదు. మొదటి నొక్కుడులో ముప్పాతిక మాత్రమే సవరించి, వదిలి, కొలిచి, మిగిలింది రెండో దాంట్లో తీసేలా పెట్టాం. షాఫ్ట్ అటువైపు దాటితే ఒక్కసారి మాత్రం వెనక్కి నొక్కే అనుమతి, అదీ తక్కువ మోతాదులో. దానికీ సరికాకపోతే పక్క ట్రేలోకి. ఈ చివరి నియమానికి యాజమాన్యం ఒప్పుకోలేదు. యంత్రం అన్నీ పూర్తి చేయాలి కదా అన్నది వాళ్ల వాదన. ఉస్తాద్ కూడా వదిలేసే షాఫ్ట్‌ను యంత్రం ఎందుకు పట్టుకుని వేలాడాలి అన్నది మాది. పాత యంత్రం పాడుచేసిన షాఫ్ట్‌ల స్క్రాప్ లెక్క ముందు పెట్టాక ఒప్పుకున్నారు.

కొన్ని చోట్ల నొక్కకూడదని కూడా రాశాం: కీవే చివర, మెట్టు ఉన్న (వ్యాసం ఒక చోట హఠాత్తుగా మారే) షాఫ్ట్‌లలో మెట్టు మూల. అక్కడ ఒత్తిడి పోగుపడి పగులు పుట్టవచ్చు. ఉస్తాద్ ఈ చోట్లను ఎప్పుడూ తాకలేదు, ఎప్పుడూ చెప్పనూ లేదు. వందల నొక్కుళ్ల స్థానాలను ఒకే బొమ్మ మీద చుక్కలుగా పెట్టినప్పుడు ఖాళీగా మిగిలిన జాగాలు కనబడి, అడిగాం. "గాడ ఒత్తద్దని ఎవలకన్న ఎర్కనే గద" అన్నాడు.

ఇప్పుడు నడుస్తున్న తీరు

తేలిక షాఫ్ట్ మీద యంత్రం ఉస్తాద్ కంటే నెమ్మది. ఇది ముందే తెలుసు, ముందే చెప్పాం. ఆయన ఒక్క చూపులో చేసేదానికి యంత్రం తిప్పి, కొలిచి, తేలిగ్గా నొక్కి, అసలు నొక్కుడు నొక్కి, మళ్లీ కొలవాలి. కానీ మూడో షిఫ్ట్‌లోనూ అంతే వేగంతో చేస్తుంది, సాయంత్రం నాలుగింటికి భుజం నొప్పి రాదు. మామూలు షాఫ్ట్‌లలో ఎక్కువ భాగం ఇప్పుడు దాని మీదే వెళ్తున్నాయి. సీజన్‌లో డిస్పాచ్ ఒక మనిషి సెలవు మీద ఆధారపడడం పోయింది.

కొస దగ్గర కొద్ది మేర మెలిక పడినవి, మెట్లున్న షాఫ్ట్‌లు, యంత్రం పక్కన పెట్టినవి చేతి ప్రెస్ దగ్గరికే వస్తాయి. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. కొత్త లాట్ విప్పినప్పుడు మొదటి కొన్ని గ్రాఫ్‌లు చూసి సరే అనడం కూడా ఇప్పుడు ఆయన పనే. దానికి పీస్ రేటు కాకుండా నెల జీతంలో అదనం ఇస్తున్నారు.

స్క్రీన్ మీద ఏం చూపాలన్న దాని మీద మాలో మాకే వాదన జరిగింది. ఆపరేటర్‌కు పచ్చ దీపం, ఎర్ర దీపం చాలని మా ప్రోగ్రామర్ అన్నాడు. నేను గ్రాఫ్ ఉండాలన్నాను, లొంగిన చోట ఒక నిలువు గీతతో, తెలుగులో. కారణం ఇది: దీపం చూసి పనిచేసేవాడు దీపం తప్పైన రోజు కనిపెట్టలేడు. గ్రాఫ్ రోజూ చూసేవాడికి ఒక లాట్ గీత తేడాగా ఉంటే కళ్లకు ఆనుతుంది. యంత్రం దగ్గర పెట్టిన కుర్రాడు, సీఐటీడీ అనే టూల్ డిజైన్ శిక్షణ సంస్థలో డిప్లొమా చేసినవాడు, ఒకరోజు లోడ్ సెల్ కేబుల్ వదులైన సంగతి గ్రాఫ్ వణుకు చూసే పట్టుకున్నాడు. యంత్రం మాత్రం అన్నీ పాస్ అంటూనే ఉంది.

ఆ కుర్రాడు వారంలో కొంత సమయం చేతి ప్రెస్ మీద పనిచేయాలని కూడా పెట్టించాం. దీన్ని ఖర్చు కింద లెక్కేసి మొదట ఎవరూ ఇష్టపడలేదు. టొయోటాలో మిత్సురు కావాయ్ ఉదాహరణ చెప్పాను. కంపెనీ సొంత శిక్షణ పాఠశాలలో చదివి, ఫోర్జింగ్ షాపులో పెరిగి, 2017లో ఎగ్జిక్యూటివ్ వైస్ ప్రెసిడెంట్ స్థాయికి వెళ్లిన మనిషి ఆయన. ఆటోమేషన్‌లో అంత ముందున్న కంపెనీలో కావాలని చేతిపని లైన్లు తిరిగి పెట్టించాడు. చేతితో చేయడం తెలిసిన మనిషే యంత్రాన్ని బాగుచేయగలడన్నది ఆ ఆలోచన. మా ఓనర్‌కు అంత పెద్ద పేరు కాకుండా చిన్న కారణమే నచ్చింది: పక్క ట్రేలో చేరే షాఫ్ట్‌లను ఉస్తాద్ రిటైరయ్యాక ఎవరు చేస్తారు? ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, కుర్రాడికి ప్రెస్ దగ్గర సమయం దొరికింది.

ఇలాంటి పని చేపట్టేవాళ్లకు

మనిషి చేసే ప్రతి కదలికా నైపుణ్యం కాదు. ఉస్తాద్ ప్రతి షాఫ్ట్‌నూ నొక్కాక అరచేత్తో ఒకసారి తుడుస్తాడు. దానికి అర్థం కోసం మేం చాలా వెతికాం. అది ఉత్త అలవాటు. అలాగే వృథాగా కనిపించేదంతా వృథా కాదు, తేలిక నొక్కుడులాగా. రెండింటినీ విడదీయడానికి మాకు పనికొచ్చిన పరీక్ష ఒక్కటే: ఆ కదలిక ఎప్పుడూ ఉంటుందా, కొన్ని పరిస్థితుల్లోనే వస్తుందా? పరిస్థితిని బట్టి వచ్చీ పోయే కదలిక వెనక సాధారణంగా ఒక నిర్ణయం ఉంటుంది. ఎప్పుడూ ఒకేలా ఉండేదాన్ని వదిలేసి చూసినా పెద్ద నష్టం ఉండదు.

స్పెసిఫికేషన్ రాసేటప్పుడు పని ఎలా చేస్తాడన్నదానికంటే ఎక్కడ ఆగుతాడు, దేన్ని ముట్టుకోడు, దేన్ని పక్కన పెడతాడు అన్న మూడు పేజీలు ముందు రాయండి. మాకు పాత యంత్రం వైఫల్యం అంతా ఆ మూడు పేజీల్లోనే దొరికింది.

కొటేషన్‌లో ఈ గమనించే దశను డిజైన్‌లో కలిపేయకుండా వేరే లైన్‌గా, వేరే ధరతో చూపించండి. బేరం మొదలవగానే కస్టమర్ కత్తెర ముందు దాని మీదికే వస్తుంది, "మా మనిషి అన్నీ చెప్తాడు, మీరు చూడాల్సిన పనేముంది" అని. మేం ఆ లైన్ తగ్గించం. ఆ డబ్బు ఇవ్వలేమంటే సెన్సర్లు, లోడ్ సెల్ అద్దెకిచ్చి వాళ్ల ఇంజినీర్ చేతనే రికార్డ్ చేయించి, గ్రాఫ్‌లు మాకు పంపమంటాం. అదీ కుదరదన్న ఒకటి రెండు పనులను వదులుకున్నాం.